అడుగులు సరే, గిత్త సంగతేంటి?

"3,000 అడుగులు లాగి ప్రథమ బహుమతి." సంక్రాంతి దగ్గర్నుంచి ఉగాది దాకా గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం ఊళ్లలో ఎవరి ఫోన్ తెరిచినా ఇలాంటి స్టేటస్ ఒకటి కనిపిస్తుంది. మెడలో పూలదండలు, నుదుటన కుంకుమ, పక్కనే మీసం తిప్పుతూ యజమాని, అడుగున పెద్ద అక్షరాల్లో అంకె. ఆ స్క్రీన్‌షాట్ నాకు పంపి "అన్నా, ఈ జత ఎట్టా ఉంది? వచ్చే వారం కొడుతుందా?" అని అడిగేవాళ్లు బాగానే ఉన్నారు.

నేను తిరిగి అడిగేవి ఇవి. ఏ పళ్ల విభాగం? ఎన్ని నిమిషాలు? బండ బరువెంత? నేల ఏ రకం, తడిపారా లేదా? పొద్దున దిగారా, మిట్టమధ్యాహ్నం దిగారా? చాలాసార్లు వచ్చే జవాబు ఒక్కటే: "అవన్నీ తెలీదన్నా, ఫస్ట్ అయితే వచ్చింది."

మన బండలాగుడు పోటీలకి జనం ఉన్నారు, డ్రోన్ కెమెరాలున్నాయి, గొంతు పోయేదాకా మైకులో చెప్పేవాళ్లున్నారు, రాత్రి పన్నెండింటికి కూడా లైవ్ చూసేవాళ్లున్నారు. లేనిదల్లా కాగితమే. హైదరాబాద్ మలక్‌పేట రేసుకోర్సులో నాలుగు రూపాయలు పోగొట్టుకోవడానికి వెళ్లినవాడి చేతిలో కూడా ఒక చిన్న పుస్తకం ఉంటుంది. గుర్రం పేరు, వయసు, తండ్రి ఎవరు, తల్లి ఎవరు, ట్రైనర్, జాకీ, ఈసారి మోసే బరువు, ఏ గేటు నుంచి మొదలుపెడుతుంది, గత పందేల్లో ఎన్నో స్థానం... అన్నీ వరసగా అచ్చేసి ఉంటాయి. చదవడం వస్తే గుర్రాన్ని చూడకముందే దాని చరిత్ర సగం తెలుస్తుంది. మన దగ్గర గిత్తని కళ్లెదురుగా చూశాక కూడా దాని పేరు తెలీదు. మైకులో వినిపించేది యజమాని పేరు, ఊరి పేరు, బహుమతి ఇచ్చిన దాతల పేర్లు.

కాబట్టి ఈ వారం ఆ కాగితం మనమే రాసుకుందాం. ముందే ఒక మాట: పైపందేలు కాసేవాళ్ల కోసం కాదు ఇది. వాళ్లు ఇక్కడితో ఆపేసి వేరే పేజీకి పోవచ్చు.

పోటీ ఎలా జరుగుతుందో తెలియని సిటీ పిల్లల కోసం రెండు ముక్కల్లో చెప్తా. రెండు గిత్తల్ని కాడికి కట్టి, కాడికి ఒక పెద్ద రాతిబండ తగిలిస్తారు. కొలిచి గీతలు గీసిన బరిలో ఆ చివరికి లాగి, తిప్పుకుని, మళ్లీ ఈ చివరికి రావాలి. ఇచ్చిన సమయంలో ఎవరు ఎక్కువ దూరం లాగితే వాళ్లది బహుమతి. దూరాన్ని అడుగులు, అంగుళాల్లో రాస్తారు. ఒక్కో జత విడిగా దిగుతుంది. గుర్రప్పందెంలో లాగా పక్కన పోటీదారు ఉండడు, గడియారమే పోటీదారు.

ముందు నోరు చూడాలి. విభాగాలన్నీ పళ్ల మీదే మొదలవుతాయి కదా: పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆ పైన సబ్ జూనియర్, జూనియర్, సీనియర్. పశువుకి పైదవడ ముందు భాగంలో పళ్లే ఉండవు, లెక్కంతా కింది దవడదే. సుమారు రెండు, రెండున్నరేళ్లకి మధ్యలో రెండు పాలపళ్లు ఊడి వెడల్పాటి పళ్లు వస్తాయి. మూడేళ్ల ప్రాంతంలో నాలుగవుతాయి, నాలుగేళ్లు వచ్చేసరికి ఆరు, ఐదేళ్లకి అటూ ఇటుగా ఎనిమిదీ పూర్తవుతాయి. మన దేశంలో రేసు గుర్రాలన్నిటికీ జనవరి 1నే పుట్టినరోజు, ఫిబ్రవరిలో పుట్టినా మే నెలలో పుట్టినా అంతే. గిత్తకి ఆ గొడవ లేదు. పుట్టిన తేదీ దాచొచ్చు గానీ పన్ను దాచలేరు.

ఫామ్ అంచనా వేసేవాళ్లు ఎక్కువగా జారిపడేది ఇక్కడే. నిరుడు నాలుగు పళ్లలో ఊరూరా మొదటి బహుమతులు కొట్టిన జత ఈ ఏడు ఆరు పళ్లలోకి వస్తుంది. బండ బరువు పెరుగుతుంది. ఎదురుగా ఉన్నవి అప్పటికే ఏడాదిగా ఆ బరువు లాగుతున్న జతలు. నిరుటి అంకె ఈ ఏడు పనికిరాదు. అదే జత ఆరు పళ్ల విభాగంలో చివరి నెలల్లో ఉంటే, అంటే ఇంకొన్నాళ్లకి ఎనిమిదీ పూర్తయ్యే దశలో ఉంటే, అప్పుడు దాని బలం ఆ విభాగానికి పైమెట్టులో ఉంటుంది. ఒకే విభాగంలో నిలబడ్డ రెండు జతల మధ్య ఎనిమిది, పది నెలల వయసు తేడా ఉండొచ్చు. ఎదిగే పశువుకి అది తక్కువేం కాదు.

తర్వాత కాడి చూడండి. ఇది నాకు బాగా ఇష్టమైన చోటు, కాస్త ఎక్కువసేపు ఆగుతా.

అందరూ గిత్తల మూపురం చూస్తారు, గంగడోలు చూస్తారు, తొడలు చూస్తారు. ఫొటోకి అవి బాగుంటాయి, నిజమే. ఒంగోలు గిత్త నడుస్తుంటే చూడకుండా ఉండటం ఎవరి తరం? కానీ లాగేది ఒక గిత్త కాదు, జత. దాపట (తోలేవాడికి ఎడమవైపు) ఒకటి, వెలపట (కుడివైపు) ఒకటి. రెండూ సమంగా లాగితే కాడి బరికి అడ్డంగా, గీత గీసినట్టు ఉంటుంది. ఒకటి వెనకపడితే ఆ వైపు కాడి వెనక్కి వాలుతుంది. లైవ్‌లో డ్రోన్ పైనుంచి చూపించినప్పుడు ఇది ఎంత చక్కగా కనపడుతుందో! కామెంట్లు చదవడం మానేసి అప్పుడు కాడి వంక చూడండి. మొదటి రెండు రౌండ్లలోనే వాలిందంటే జత కుదరలేదని అర్థం. చివర్లో మాత్రమే వాలిందంటే రెండోదానికి దమ్ము చాలలేదని. రెండూ వేరు వేరు జబ్బులు, మందులు కూడా వేరు.

పాత రైతులకి దీనికొక కిటుకు తెలుసు. నాగలి దున్నేటప్పుడు ఒక ఎద్దు బలహీనంగా ఉంటే, కాడి నడిమధ్యన ఉండాల్సిన ముడిని బలమైన ఎద్దు వైపు కాస్త జరుపుతారు. బలహీనమైన దానివైపు కాడి పొడవు ఎక్కువ కావడంతో దాని మీద బరువు తగ్గుతుంది. తొమ్మిదో తరగతిలో చదివిన తులాదండం లెక్కే ఇది. మార్కుల కోసం బట్టీ కొట్టాం గానీ కాడి మీద ఉందని ఎవరూ చెప్పలేదు.

గొప్ప గిత్తల్ని కొనడం డబ్బున్నవాళ్ల పని. గొప్ప జతని కుదర్చడం ఓపిక ఉన్నవాళ్ల పని. ఎత్తు, అడుగు పొడవు, బెదురు, కోపం, ఇవన్నీ కలవాలి. ఒకటి దూకుడుది, ఒకటి నిదానంది అయితే బండ కదిలే క్షణంలోనే తేలిపోతుంది. నిలిచి ఉన్న బండని కదిలించడానికి కావలసిన బలం, కదిలాక లాగడానికి కావలసిన దానికంటే ఎక్కువ. రెండూ ఒకే క్షణంలో మెడ వంచకపోతే బండ కదలదు, ఒకదాని భుజం మాత్రం నలుగుతుంది. మలుపు దగ్గర ఆగి తిరిగి మొదలుపెట్టిన ప్రతిసారీ ఇదే పరీక్ష. అందుకే నేను మధ్యలో పరుగు కంటే చివర్లో మలుపు చూస్తా. అక్కడ మూడు సెకన్లు పోగొట్టుకునే జత పది మలుపుల్లో అర నిమిషం పోగొట్టుకుంటుంది.

ఇక అంకె సంగతి. లెక్క కోసం రెండు జతలు అనుకుందాం. బరి 200 అడుగులు, సమయం 10 నిమిషాలు. మొదటి జత ఈ చివర నుంచి ఆ చివరకి మొదటి ఐదుసార్లు 30 సెకన్ల చొప్పున ఉరికింది. తర్వాత ఐదుసార్లు 40 సెకన్లు. చివరి ఐదుసార్లు 50 సెకన్లు. మొత్తం 600 సెకన్లు, 15 రౌండ్లు, 3,000 అడుగులు. రెండో జత మొదటినుంచీ చివరిదాకా 40 సెకన్లే, మారలేదు. అదీ 15 రౌండ్లు, 3,000 అడుగులే. స్టేటస్‌లో రెండూ ఒకటే. కానీ వచ్చే వారం పోటీ 15 నిమిషాలైతే? రెండోది అలాగే నడిస్తే 4,500 అడుగులు. మొదటిది ఇంకా నీరసించకుండా 50 సెకన్ల మీదే నిలబడినా 4,200 దాటదు. నిలబడుతుందని నాకు నమ్మకం లేదు కూడా. జనం ఈలలేసేది మాత్రం మొదటి జతకే. ఆ 30 సెకన్ల పరుగే రీల్ అవుతుంది.

మైకులో చెప్పేవాళ్లు ప్రతి రౌండుకీ సమయం చెప్తూనే ఉంటారు. రాసుకునే నాథుడు లేడు. ఫోన్‌లో నోట్స్ తెరిచి పదిహేను అంకెలు కొట్టుకోవడానికి ఎంతసేపు పడుతుంది?

నేల గురించి క్లుప్తంగా. మన నల్లరేగడి ఎండితే గట్టిపడుతుంది, తడిస్తే పట్టుకుంటుంది. దుమ్ము లేవకుండా నీళ్లు చల్లిన బరిలో బండ ఒకలా జారుతుంది, నీళ్లు ఎక్కువై బురదయిన బరిలో ఇంకోలా కూరుకుంటుంది. పది జతలు లాగాక ఉండే నేల వేరు, మొదటి జత దిగినప్పటి నేల వేరు. కాబట్టి ఒంగోలు దగ్గర చవిటి నేలలో లాగిన దూరాన్ని నరసరావుపేట వైపు రేగడిలో లాగిన దూరంతో పోల్చి గ్రూపుల్లో కొట్టుకోవడం దండగ. ఒకే రోజు, ఒకే బరి, దగ్గర దగ్గర వంతుల్లో దిగిన జతల్ని పోల్చండి, చాలు.

ఎండ కూడా అంతే. జనవరిలో సంక్రాంతికి పొద్దున్నే దిగిన జత వేరు, శివరాత్రి తిరునాళ్లు దాటి మిరపకాయలు కల్లాల్లో ఎండే రోజుల్లో మధ్యాహ్నం దిగిన జత వేరు. బండ్లకి కట్టే పశువుల గురించి 1965లోనే కేంద్ర నిబంధనలున్నాయి. 37 డిగ్రీలు దాటే చోట పగలు 12 నుంచి 3 దాకా వాటిచేత పని చేయించకూడదని అందులో ఉంది. ముల్లుకర్ర వాడకూడదనీ ఉంది. బండి లాగే ఎద్దుకి తప్పైంది బండ లాగే గిత్తకి ఒప్పెలా అవుతుందని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు లేదు.

కర్ర మాట వచ్చింది కాబట్టి అది కూడా చెప్పేస్తా. చర్నాకోల దెబ్బల్ని నేను లెక్కపెడతాను. కొంతమందికి ఇది నచ్చదు. "పందెం అన్నాక అదిలించకుండా ఎట్టా?" అంటారు. అదిలించడం వేరు, బాదడం వేరు, బరి పక్కన పుట్టి పెరిగిన ఎవరికైనా ఆ తేడా తెలుసు. బ్రిటన్‌లో 2023 నుంచి మామూలు గుర్రప్పందెంలో జాకీ ఆరుసార్లకి మించి కొరడా వాడకూడదు, అదీ మెత్తటి కొరడా. దాటితే సస్పెన్షన్. జాలి సంగతి పక్కన పెట్టి ఒట్టి లెక్కగా చూసినా, కొట్టి లాగించిన చివరి 200 అడుగులు ఫామ్ కింద రావు. అవి వచ్చే వారం నుంచి తెచ్చుకున్న అప్పు. నోటి నుంచి నురగ, నాలుక బయటికి రావడం, వెనక కాలు ఈడ్చడం కనపడ్డ జతని తర్వాతి పోటీలో చూడండి, చెప్పిన మాట నిజమో కాదో మీకే తెలుస్తుంది. నిలిపేయాల్సిన క్షణం తెలిసి, సమయం మిగిలి ఉండగానే కాడి దించేసిన తోలేవాణ్ని నేను చూశాను. బహుమతి పోయింది. నా పుస్తకంలో ఆ జతకి ఆ రోజు మంచి మార్కు పడింది.

ఇదంతా సరదా లెక్కేనా అంటే, కాదు. ఒంగోలు జాతి మగపశువుకి మన ఊళ్లలో ఇప్పుడు పెద్ద పని లేదు. పత్తి చేలో, మిరప చేలో దున్నకానికి ట్రాక్టర్ వచ్చింది. మిరప సాళ్ల మధ్య గుంటక తోలే ఎద్దులు కూడా తగ్గిపోయాయి. ఉలవలు, పత్తిగింజలు, తవుడు పెట్టి లక్షలు పోసి గిత్తని మేపుతున్నాడంటే చాలాచోట్ల కారణం పోటీయే. కాబట్టి పోటీ దేనికి బహుమతి ఇస్తే ఆ రకం పశువే మిగులుతుంది. మనం దేన్ని కొలుస్తున్నాం, ఏం రాసుకుంటున్నాం అనేది అందుకే ముఖ్యం.

ఆ మధ్య "ఒంగోలు ఆవు 40 కోట్లు" అని వాట్సాప్‌లో తెగ తిరిగింది, గుర్తుందా? ఆ ఆవు పేరు వియాటినా-19, బ్రెజిల్‌ది. బరువు 1,101 కిలోలు. 2023 వేలంలో అమ్మింది దాని మీద మూడో వంతు హక్కు మాత్రమే. ఆ ధరని బట్టి మొత్తం విలువ 40 లక్షల డాలర్ల పైన అని లెక్కగట్టారు, గిన్నిస్ వాళ్లు రికార్డు ఇచ్చారు. అక్కడ ఈ జాతిని నెలోర్ అంటారు. మన నెల్లూరే అది. ఒంగోలు ఒకప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండేది కాబట్టి ఆ పేరు నిలిచిపోయింది. వాళ్లు దాన్ని ప్రధానంగా మాంసం కోసం పెంచారు, మన దారి అది కాదు. కానీ వాళ్లు చేసిన ఒక పని చూడండి. 1960ల్లో ఇక్కడి నుంచి తీసుకెళ్లిన గిత్తల్లో ఒకదాని పేరు కరవది. ఒంగోలు పక్కన ఉన్న కరవది ఊరి పేరే. అక్కడ ఉబెరాబా నగరంలో జెబు పశువుల పెంపకందార్ల సంఘం వంశావళి పుస్తకాలు నడుపుతుంది. ఇవాళ్టికీ నెలోర్ వంశాల గురించి మాట్లాడేవాళ్లు కరవది రక్తం అని చెప్పుకుంటారు. మన ఊరి పేరు వాళ్ల రికార్డులో భద్రంగా ఉంది. ఆ ఊళ్లో నిరుడు మొదటి బహుమతి కొట్టిన గిత్తకి తండ్రి ఏదో మన దగ్గర ఎక్కడ రాసి ఉంది?

గుంటూరు పక్కన లాం ఫారంలో, ప్రకాశంలో చదలవాడ క్షేత్రంలో ఒంగోలు జాతిని ప్రభుత్వం వైపునుంచి కాపాడుతున్నారు. అది వాళ్ల పని, వాళ్లు చేస్తున్నారు. బరిలో గెలిచే గిత్తలు ఎక్కువగా రైతుల ఇళ్లలోవి. వాటి వంశం రైతు తలలో ఉంటుంది, అతనితోనే పోతుంది.

అందుకే నిర్వాహకుల్ని ఒక్కటి అడుగుతున్నా. రిజిస్ట్రేషన్ కాగితంలో మూడు గళ్లు కలపండి: గిత్త పేరు, తండ్రి, తల్లి. తెలియకపోతే ఖాళీగా వదిలేయమనండి. మైకులో దాత పేరు నాలుగుసార్లు చెప్పేచోట దాపటి గిత్త పేరు ఒకసారి, వెలపటి గిత్త పేరు ఒకసారి చెప్పమనండి. లైవ్ పెట్టే కుర్రాళ్లూ, మీకూ చెప్తున్నా. వీడియో కింద "మాస్ పెర్ఫార్మెన్స్" అని రాసే చోట విభాగం, బండ బరువు, బరి పొడవు, రౌండ్ల సమయాలు రాయండి. రెండు సీజన్లలో ఈ ప్రాంతానికి మలక్‌పేట వాళ్ల పుస్తకం లాంటిది మీ ఫోన్లలోనే తయారవుతుంది, ఎవరి పర్మిషన్ అక్కర్లేదు.

మొన్నామధ్య పల్నాడులో ఒక తిరునాళ్ల బరి దగ్గర, నాలుగు పళ్ల విభాగంలో రెండో బహుమతి వచ్చిన జత యజమానితో మాట్లాడాను. అరవై దాటిన మనిషి. వెలపటి గిత్త నాకు బాగా నచ్చింది. పెద్ద ఆర్భాటం లేదు గానీ మలుపు మలుపుకీ అదే అడుగు, అదే మెడ.

"బాబాయ్, దీన్ని ఎక్కడ కొన్నారు?" అన్నా.

"కొనడమేంది అబ్బాయ్, మా కొట్టంలో పుట్టిందే" అన్నాడు గర్వంగా.

"తల్లి ఇంకా ఉందా?"

ఆయన గిత్త మెడ మీద చెయ్యేసి కాసేపు నిమిరాడు.

"పాలు తక్కువిచ్చేది. రెండేళ్ల కిందట అమ్మేశాం. ఎటు పోయిందో తెలవదు."